చేతిమేజోడు

కంపెనీవాళ్లు దానికి మూడు ఇంగ్లీషు అక్షరాల పేరేదో పెట్టారు. లైనులో ఆడవాళ్లు మాత్రం చూసిన రోజే చేతిమేజోడు అనేశారు. ఆ పేరే నిలిచిపోయింది.

పెంచలమ్మ దాన్ని మొదటిసారి తొడుక్కున్నది ఫిబ్రవరి నెలలో, ఒక సోమవారం పొద్దున. తడ దగ్గర పారిశ్రామికవాడలో ఉన్న ఆ ఫ్యాక్టరీకి వెనకవైపు చల్లటి గది ఒకటుంది. పన్నెండేళ్లుగా అక్కడ పనిచేస్తున్నా ఆమె ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదలు. ఇందుమతి అనే ఇంజనీరు, ముప్పయ్యేళ్లుంటాయేమో, గుంటూరు వైపు మనిషి, పెంచలమ్మ చేతిని ఒళ్లో పెట్టుకుని గాజులు తీయించింది. వేళ్ల కొసల నుంచి మోచేతి దాకా బూడిదరంగు తొడుగును మెల్లగా ఎక్కించింది. ఒక చేతికయ్యాక రెండో చేతికీ.

"బిగుతుగా ఉందా అక్కా?"

"లేదు మేడం. పెండ్లికూతురికి గాజులు తొడిగినట్టు తొడుగుతుండారే!"

ఇందుమతి నవ్వింది. "మీరేం ఆలోచించొద్దు. రోజూ లైనులో ఎలా చేస్తారో అలాగే చేయండి. ఏ కండరం ఎప్పుడు బిగిసిందో, ఎంత బిగిసిందో అది రాసుకుంటుంది."

"రాసుకుని?"

"ఇంకొకరు తొడుక్కుంటే వాళ్ల చేతికి చెబుతుంది. వాళ్ల చేతిని మీ చేయిలా కదిలిస్తుంది."

పెంచలమ్మ పని మొదలుపెట్టింది. కారులో దీపం వెలగాలన్నా, అద్దం దిగాలన్నా, బ్రేకు పడాలన్నా లోపల నరాల్లా పరుచుకున్న వైర్ల కట్ట ఒకటుండాలి. హార్నెస్ అంటారు దాన్ని. తలుపంత బోర్డు మీద కొయ్యలుంటాయి. రంగురంగుల వైర్లను వాటి మధ్య పరిచి, కొసలు బిగించి, చుట్టూ టేపు చుట్టాలి. మెత్తగా, ఒక్కోసారి ఒక్కోలా వంగే వైరును పట్టుకోవడం ఏ యంత్రానికీ చేతకాలేదు. డ్రైవరు లేకుండా కార్లూ బస్సులూ తిరిగే కాలం వచ్చింది గానీ, వాటికి నరాలు కట్టడానికి ఇంకా ఆడవాళ్ల వేళ్లే కావాలి. బెల్టు మీద వచ్చే బోర్డు ఒక్కో మనిషి ముందునుంచి నూట పది సెకన్లలో దాటిపోతుంది. ఆ లోపల తన వంతు అయిపోవాలి.

అక్కడి పద్నాలుగు వందలమందిలో పెంచలమ్మ కట్టిన బోర్డు తప్పుపట్టి వెనక్కి రాక మూడేళ్లయింది. అందుకే మేనేజరు సెల్వరాజ్ ఆమెను ఎంచాడు. "కొత్తగా చేరేవాళ్లకు నేర్పడానికమ్మా. నీ చెయ్యి వాళ్లకు గురువు" అన్నాడు. ఆ మాట రెండు మూడు రోజులు ఆమె చెవుల్లో తియ్యగా మోగుతూనే ఉంది.

ఇందుమతి తెరమీద గీతలు చూస్తూ అడిగింది. "టేపు చుట్టేటప్పుడు మణికట్టును ఒక్కసారి విదిలించి మోచేత్తో లాగుతున్నారే, ఇది ఎవరు నేర్పారు?"

"ఎవురూ లేదు మేడం. అదే వచ్చింది."

అది అబద్ధం. నాలుగేళ్ల కిందట ఆమె కుడి బొటనవేలి మొదట్లో మంట మొదలైంది. చెబితే లైను నుంచి తీసి ప్యాకింగులో వేస్తారు. ఆరు నెలలు తిరక్కుండా అక్కడినుంచి గేటు బయటికి. అలా పోయినవాళ్లను ఆమె చాలామందిని చూసింది. అందుకని మణికట్టును ఒక విదిలింపు విదిల్చి, మంట పుట్టే చోటును తప్పించి, బరువును మోచేతి మీదికి మళ్లించే ఉపాయం తనకు తానే కనిపెట్టుకుంది. తెలియనివాళ్లకు అది పనితనంలా కనబడేది.

తడలో రైలుగేటు దగ్గర వాళ్లది రెండు గదుల ఇల్లు. భర్త చెంచయ్య ఒకప్పుడు కంపెనీ షిఫ్టు బస్సు నడిపేవాడు. బస్సులకు మనుషులు అక్కర్లేదని తేలాక పులికాట్ రేవులో పడవల మోటార్లు బాగుచేస్తున్నాడు. అత్త రవణమ్మ ఇరవయ్యేళ్లు రొయ్యల షెడ్డులో ఐసు మీద రొయ్యలు ఒలిచిన మనిషి. ఆమె చివరివేళ్లు రెంటికీ ఇప్పటికీ వేడీ చల్లనా తెలియదు.

మేజోడు పని నడుస్తున్న రోజుల్లోనే ఒక సెలవునాడు పెంచలమ్మ చారుకు చింతపండు పిసకబోయి, మధ్యలో ఆగి, గిన్నెను ఎడమచేతి కిందికి జరుపుకుంది. రవణమ్మ వచ్చి గిన్నె లాక్కుంది.

"ఎన్నాళ్ల నించి?"

"ఏంది అత్తా?"

"నా దగ్గిర దాచమాక మే. దాచడంలో నీకంటే పెద్దదాన్ని. షెడ్డులో రొయ్యకి ముల్లుంటాదని చెప్పుకున్నాం గానీ, చెయ్యి నొస్తాదని ఒక్కరు ఒక్కరికి చెప్పుకోలా."

"ఆయనకి చెప్పబాక."

"చెప్పన్లే. చెప్పాల్సింది వాడికి గాదు" అని రవణమ్మ చింతపండు పిసకసాగింది.

జూన్‌లో సెల్వరాజ్ అందరినీ భోజనాల హాలుకు పిలిచాడు. తమిళంవాడైనా పదిహేనేళ్లుగా తెలుగే మాట్లాడుతున్నాడు. ఆరోజు మాత్రం ఇంగ్లీషు ముక్కలు ఎక్కువ వాడాడు.

"మూడో లైనూ నాలుగో లైనూ హోమ్‌కి పోతా ఉండాయి."

"ఎవురింటికి సార్?" అని అడిగింది దేవసేన. లైనులో పెంచలమ్మ పక్కన నిలబడే మనిషి, నోరుగలది.

సెల్వరాజ్ వివరించాడు. ముప్పయ్యేళ్ల కిందట ఈ పని వేల్స్ దేశంలో పెన్‌గెల్లి అనే ఊళ్లో జరిగేది. ఇక్కడైతే చౌక అని తీసుకొచ్చారు. ఇప్పుడు ఓడలు చెప్పిన రోజుకు చేరడం లేదు. అక్కడి ప్రభుత్వం పరాయి సరుకు మీద గట్టి పన్ను వేసింది. మా పని మాకు తెచ్చివ్వండని అక్కడి జనం ఓట్లేసి మరీ అడిగారు. "ఇన్నాళ్లూ ఎందుకు ఆగారంటే, అక్కడ ఈ పని వచ్చిన చేతులు లేవు. వచ్చినోళ్లు మరిచిపోయారు, లేదంటే పోయారు. ఇప్పుడు..." అని పెంచలమ్మ ఉన్న వైపు తప్ప అన్ని వైపులా చూశాడు. "ఇప్పుడు ఆ ఇబ్బంది తీరింది."

రెండు లైన్లంటే ఆరు వందలమంది. దసరా లోపల అన్నాడు.

తిరుగు బస్సులో పెంచలమ్మ పక్కన ఎవరూ కూర్చోలేదు. దేవసేన వెనకసీటు నుంచి అంది: "నీ చెయ్యి నువ్వు ఇచ్చుకున్నావు సరే. మా చేతులు గూడా ఎందుకిచ్చావు మే?"

"కొత్తోళ్లకి నేర్పడానికన్నారు దేవసేనా. ఏ కొత్తోళ్లకో నాకు చెప్పలేదు."

"నువ్వడిగినావా?"

ఆమె అడగలేదు. ఆ తర్వాత రెండు నెలలు భోజనాల బల్ల దగ్గర తన క్యారియరు తానే విప్పుకుని, తానే మూసుకుని లేచేది.

ఆగస్టులో ఒక ఆదివారం ఇందుమతి స్కూటరు మీద వాళ్లింటికి వచ్చింది. రవణమ్మ ఇచ్చిన మజ్జిగ గ్లాసును చాలాసేపు చేతిలోనే పెట్టుకుని కూర్చుంది.

"అక్కా, నిజం చెప్పండి. మీ కుడి బొటనవేలు నొప్పిగా ఉంటుందా?"

పెంచలమ్మ చేతిని కొంగు కిందికి లాక్కుంది. వంటింటి గుమ్మంలోంచి రవణమ్మ "చెప్పు" అంది.

"ఉంటాది మేడం. నాలుగేండ్లయింది. ఎందుకు?"

"పెన్‌గెల్లిలో నలభైమందికి మీ మేజోడుతో నేర్పాం. రెండు వారాలు తొడుక్కుంటే చాలు, తీసేశాక కూడా పని చేతిలో ఉండిపోతుంది. మేం అనుకున్నదానికంటే బాగా పనిచేసింది. కానీ ఎనిమిది వారాలకు ముప్పై ఒకరికి మంట మొదలైంది. అందరికీ అదే చోట. అందరూ మీలాగే మణికట్టు విదిలిస్తున్నారు." ఇందుమతి గ్లాసు కింద పెట్టింది. "నొప్పిని తప్పించుకోవడానికి మీరు చేతిని ఎలా బిగబట్టారో అది కూడా రాసుకుంది అక్కా. బాగున్న చేతులు అలా బిగబట్టి ఆ వేగంతో పనిచేశాయి. మీ చేయి ఎనిమిదేళ్లకు పాడైతే, వాళ్లవి ఎనిమిది వారాలకే పాడయ్యాయి."

చెంచయ్య వాకిట్లో మోటారు విప్పుకుంటూ అంతా విన్నాడు. లోపలికి వచ్చి భార్య చేయి పట్టుకుని బొటనవేలి మొదట్లో మెల్లగా ఒత్తాడు. ఆమె పళ్లు బిగబట్టింది.

"నాలుగేండ్లు నీ పక్కనే పండుకుంటుండా" అన్నాడు.

ఇందుమతి ఫోను తీసింది. "ఆ ముప్పై ఒకరిలో ఒకావిడ మీతో మాట్లాడాలంటోంది. నేను మాట్లాడించకూడదు. తెలిస్తే నన్ను తీసేస్తారు."

తెరమీద పొట్టి జుట్టు నెరిసిన మనిషి కనబడింది. వయసు యాభై దాటి ఉంటుంది. ఆమె మాటలను ఫోను వెంటనే తెలుగులోకి మార్చి, వార్తలు చదివినట్టు చదివింది.

"నా పేరు గ్వెన్. నేను ఎవరి చేతితో పనిచేస్తున్నానో చూడాలనుకున్నాను."

"చూసినావు గదా" అంది పెంచలమ్మ.

"మీకు నొప్పి ఉంది. ఎందుకు చెప్పలేదు?"

"ఎవురికి చెప్పేది? నువ్వు చెప్పినావా మీ మేనేజరుకి?"

"చెప్పాను. వయసు మీద పడిందన్నాడు. నా పక్కన పనిచేసే పిల్లకు ఇరవై నాలుగేళ్లు. దానికీ ఇదే నొప్పి." గ్వెన్ కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకుంది. "నాకు ఇరవై రెండేళ్లప్పుడు ఈ పనిని మీ దగ్గరికి పట్టుకుపోయారు. మా ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి. ముప్పై ఏళ్లు మిమ్మల్ని తిట్టుకున్నాను."

"మా దేవసేన ఇప్పుడు నిన్ను తిడతా ఉండాది."

ఫోను ఆ మాట చేరవేశాక గ్వెన్ పెద్దగా నవ్వింది. నవ్వు ఆగాక అంది: "తడలో ఆడవాళ్లు నూట పది సెకన్లలో చేస్తారు, మీరు చేయలేకపోతే పని మళ్లీ అక్కడికే పోతుంది. రోజూ మాకు ఇదే చెబుతారు."

"మాకూ పన్నెండేండ్లుగా అదే చెప్తుండారు. మీకు చేతగాకపోతే ఇంకో దేశముండాది అని."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనకనుంచి రవణమ్మ వంగి ఫోనులోకి చూసి, "ఈమె కూడా మనలాంటిదేనా?" అని అడిగింది. ఫోను దాన్ని కూడా ఇంగ్లీషులో చెప్పేసింది. అవునంది గ్వెన్.

కంపెనీ ఇందుమతికి పని అప్పజెప్పింది. రికార్డింగులోంచి నొప్పిని తుడిచేయమన్నారు. మూడు వారాలు ఆమె పెంచలమ్మను చల్లటి గదికి పిలిపించుకుని, చేయి ఎక్కడెక్కడ బిగుస్తుందో వెదికి, ఆ బిగింపునూ ఆ విదిలింపునూ ముక్కముక్కగా తీసేసింది. అలా శుభ్రం చేసినదాన్ని వేరే ఎవరికో తొడగడానికి మనసొప్పక తన చేతులకే తొడుక్కుంది.

ఆమె వేళ్లు వాటంతటవే లేచాయి. వైరు తర్వాత వైరు అందుకుని కొయ్యల మధ్య పరుచుకుంటూ పోయాయి. తన చేతులనే ఎవరివో చూసినట్టు చూస్తూ కూర్చుంది. పెంచలమ్మ గడియారం చూసి చెప్పింది: "నూట అరవై మూడు."

మళ్లీ చేస్తే నూట అరవై ఒకటి. మళ్లీ చేస్తే నూట అరవై. వేగం పెంచితే టేపు ముడతలు పడి వైర్లు జారిపోయాయి. ఎన్నిసార్లు పెంచినా అంతే. విదిలింపునూ బిగింపునూ వెనక్కి తెచ్చి పెట్టాక నూట పదికి దిగింది. వారం రోజులు అలా చేసి చూశాక ఇందుమతి పెన్ను పట్టుకోలేక ఎడమచేత్తో రాయడం మొదలుపెట్టింది.

"నూట అరవై అక్కా" అంది ఒకరోజు, కుర్చీలో వెనక్కి వాలి. "బాగున్న చెయ్యి ఎవరిదైనా నూట అరవై. నూట పదిలో అవ్వాలంటే ఆ చెయ్యి చెడాల్సిందే."

పెంచలమ్మ ఆ మాటను లోపల రెండుసార్లు అనుకుంది. "నాది బలం లేని చెయ్యి అనుకున్నా మేడం. నాలుగేండ్లు దీన్నే తిట్టుకున్నా. ఈ నూట పది ఎవురు పెట్టింది?"

"పాత కాగితాలు చూశాను. పెన్‌గెల్లిలో ముప్పయ్యేళ్ల కిందట నూట అరవై అయిదు. ఇక్కడికి వచ్చాక ఏడాదికి ఒక సెకను, రెండు సెకన్లు తగ్గించుకుంటూ వచ్చారు. ఎవరూ ఆపలేదు కాబట్టి తగ్గుతూ వచ్చింది."

ఆ లెక్కలన్నీ ఇందుమతి పైవాళ్లకు పంపింది. నాలుగు రోజులకు సెల్వరాజ్ పెంచలమ్మను తన గదికి పిలిచి కుర్చీ చూపించాడు. పన్నెండేళ్లలో ఆమెను ఆ గదిలో కూర్చోమన్నది అదే మొదటిసారి. ఒక కాగితం ముందు పెట్టాడు.

"రికార్డింగు ఇచ్చేనాటికి నీ చెయ్యి బాగుందని డాక్టరు రాశాడు. కింద నువ్వు సంతకం పెట్టాలి. పెడితే నిన్ను ట్రైనరుగా వేస్తారు, లైనులో నిలబడే పని ఉండదు. రిటైరయ్యేదాకా."

"పెట్టకపోతే?"

సెల్వరాజ్ ముఖం చిన్నబోయింది. అతనికీ ఆ మాట చెప్పడం ఇష్టంలేదని తెలుస్తూనే ఉంది. "జబ్బు దాచిపెట్టి రికార్డింగు ఇచ్చినావని కేసు వేస్తారమ్మా."

"ఇందుమతి మేడం యాడ?"

"ఆవిడ మానేసింది. నిన్న." తలుపు వైపు చూసి, "మానిపించారు" అన్నాడు.

పెంచలమ్మ ఒక్క రోజు గడువు అడిగి ఇంటికి వచ్చింది. చెంచయ్య కాగితం మొత్తం చదివాడు. "ట్రైనరు పని మంచిదే గదా" అన్నాడు మెల్లగా. "మిగతా చెయ్యన్నా మిగులుద్ది నీకు."

రవణమ్మ గోడకానుకుని కూర్చుని ఉంది. "దాని చెయ్యిని నలభైమందికి తొడిగినారు. ఇంకా ఎంతమందికి తొడుగుతారో. రేపు ఈ నొప్పి యాడిదని ఎవురన్నా అడిగితే ఈ కాగితం చూపిస్తారు. పెంచలమ్మకి ఏ నొప్పీ లేదంట, సంతకం పెట్టిందంట అని. నాకైతే ఇరవై ఏండ్లలో ఒక్కరు అడగలా. దాన్ని అడుగుతుండారు. అడిగినప్పుడు అబద్ధం చెప్తే ఎట్టరా?"

చెంచయ్య కాగితాన్ని మడిచి భార్య చేతికిచ్చాడు. "అయితే పెట్టబాక" అన్నాడు.

ఆమె నేరుగా దేవసేన ఇంటికి పోయింది. దేవసేన లోపలికి రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. అరుగు మీద నిలబడే పెంచలమ్మ నూట అరవై సంగతీ, గ్వెన్ సంగతీ, కాగితం సంగతీ చెప్పింది. అంతా విని దేవసేన చీరకొంగు తొలగించి ఎడమభుజం చూపించింది. నొప్పి తగ్గడానికి కాల్పించుకున్న వాతలు నల్లగా ఉన్నాయి.

"రెండేండ్లు" అంది. "మా ఇంట్లో కూడా తెలీదు, కాలిందని చెప్పినా."

సాయంత్రానికి ఆ వీధిలో లైను ఆడవాళ్లు పద్నాలుగుమంది దేవసేన అరుగు మీద చేరారు. ఒకామె మెడ వంచి చూపింది. ఒకామెకు అరచేయి పూర్తిగా విచ్చుకోదు. చెబితే తీసేస్తారని ప్రతి ఒక్కరూ పక్కవాళ్ల దగ్గర దాచారు. దాచినవాళ్లంతా ఇన్నేళ్లు పక్కపక్కనే నిలబడి పనిచేశారు. ఆ సంగతి తెలిశాక వాళ్లకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ రాత్రే కబురు మిగతా వీధులకూ, ఇందుమతి ద్వారా గ్వెన్‌కూ చేరింది.

మంగళవారం మధ్యాహ్నం రెండు గంటల షిఫ్టులో బెల్టు కదిలింది. పెంచలమ్మ వైర్లు పరిచి, కొసలు బిగించి, టేపు అందుకుంది. మణికట్టు అలవాటుగా విదిలింపుకు లేచింది. ఆమె దాన్ని ఆపింది. నాలుగేళ్ల అలవాటును ఆపడానికి ఎడమచేత్తో మణికట్టును పట్టుకోవలసివచ్చింది. మెల్లగా, నిదానంగా ఒక్కో చుట్టూ చుట్టింది. సగంలో ఉండగానే బోర్డు దాటిపోయింది. ఆమె దాని వెంట పరుగెత్తలేదు. పక్కన దేవసేనా అంతే. ఆ పక్కామే అంతే. అర్ధగంటలో లైను చివర సగం కట్టిన బోర్డులు గుట్టపడి, ఎర్ర దీపాలు వెలిగాయి.

సెల్వరాజ్ పరుగున వచ్చాడు. "ఏమైంది? ఎందుకాపారు?"

"ఆపలేదు సార్. పనిచేస్తుండాం. చూడండి."

"బోర్డులన్నీ సగంలో పోతా ఉండాయి!"

"బెల్టు తొందరపడతా ఉండాది సార్. మేం పడేది లేదు ఇంక. నూట అరవైకి పెట్టండి, ఒక్క బోర్డు తప్పురాదు."

"ఇట్లా చేస్తే మొత్తం పనంతా రేపే పెన్‌గెల్లికి పోతుంది. ఆలోచించుకో."

"ఫోన్ చేసి కనుక్కోండి. ఆడ ఇప్పుడు పొద్దున పది. గ్వెన్ వాళ్లు గూడా నూట అరవైలోనే చేస్తుంటారు."

అతను అక్కడే నిలబడి ఫోను చేశాడు. అవతలి మాట వింటున్నకొద్దీ అతని భుజాలు కిందికి జారాయి. లైనులో ఎవరో నవ్వారు. ఆ నవ్వు బల్ల నుంచి బల్లకు పాకి చివరిదాకా పోయింది.

పద్దెనిమిది రోజులు అలా సాగింది. పెంచలమ్మనూ దేవసేననూ సస్పెండు చేస్తే, మిగతావాళ్లు నూట అరవై నుంచి నూట ఎనభైకి పోయారు. రెండు దేశాల్లో కార్లు నరాలు లేక వరసగా నిలబడిపోయాయి. చివరికి కార్మిక శాఖ అధికారి తిరుపతిలో తన ఆఫీసుకు అందరినీ పిలిపించాడు. మేజోడూ, బోర్డులూ, వైర్లూ కూడా తెమ్మని కంపెనీకి ఉత్తరువు ఇచ్చాడు. ఇందుమతి కూడా వచ్చింది, కుడిచేతికి పట్టీ వేసుకుని.

కంపెనీ వకీలు నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడాడు. నొప్పి మనిషి మనిషికీ మారుతుందన్నాడు. ప్రయోగశాలలో తీసిన అంకెలు వేరు, నిజమైన పని వేరు అన్నాడు.

పెంచలమ్మ లేచింది. "అయితే మీరొక్కసారి తొడుక్కోండి సార్. నూట పదిదే."

వకీలు నవ్వి, అది పద్ధతి కాదన్నాడు. అధికారి చొక్కా చేతులు మడుచుకున్నాడు. "నాకు తొడగండి" అన్నాడు.

మొదటి రెండు బోర్డులకు తన వేళ్ల నేర్పు చూసి ఆయనే మురిసిపోయాడు. అయిదో బోర్డుకు నుదుటిమీద చెమట పట్టింది. తొమ్మిదో బోర్డు మధ్యలో బొటనవేలు పట్టేసి, మేజోడును పళ్లతో పట్టి లాగేసుకున్నాడు. కాసేపు చేయి నలుపుకుని, "షిఫ్టుకి ఇలాంటివి ఎన్ని?" అని అడిగాడు.

"రెండొందల నలభై."

అధికారి పెంచలమ్మ వైపు తిరిగాడు. "ఒకటి చెప్పమ్మా. ఈ పని వాళ్ల దేశానికి తిరిగి పోవాలంటావా, వద్దంటావా? వాళ్లూ అడుగుతున్నారు, మీరూ అడుగుతున్నారు."

"కొంచెం పోనీండి సార్. ఆ ఊరు ముప్పై ఏండ్లు ఏడ్చిందంట, అబద్ధం గాదు, ఆమెను చూసినా. కొంచెం ఉండనీండి, మా ఇండ్లల్లో గూడా పొయ్యి వెలగాల. యాడ ఎంతుండాలో నాకు తెలీదు, అది చదువుకున్నోళ్లు తేల్చండి. కానీ పోయేది పనైతేనే పోవాల. నా నొప్పిని పెట్టెలో పెట్టి ఆడికి పంపి, ఇదిగో మీ పని మీ ఇంటికి తెచ్చినాం అంటే నేను ఒప్పుకోను. దాన్ని ఆడ దించనీను. ఈడా ఉండనీను."

ఒప్పందం కావడానికి ఇంకో నెల పట్టింది. రెండు ఊళ్లలోనూ బోర్డుకు నూట అరవై. ఒకచోట తగ్గిస్తే రెండోచోట పని ఆగుతుంది, ఆ మాట కాగితం మీద రాయించారు. నాలుగో లైను పెన్‌గెల్లికి పోయింది, మూడోది ఉండిపోయింది. వేగం తగ్గడంతో ఎక్కువ చేతులు కావలసివచ్చి ఆరు వందల్లో మూడొందల డెబ్భైమంది నిలిచారు. మిగతావాళ్లు పోయారు. పోయినవాళ్లలో దేవసేన ఉంది. ఆ రోజు గేటు దగ్గర పెంచలమ్మ ఆమె చేయి పట్టుకోబోతే, "నన్ను ఓదార్చబాక మే, నాకు మండుతుంది" అని విడిపించుకుపోయింది. పక్క ఫ్యాక్టరీలో బూట్లు కుట్టే పనికి చేరి, మొదటిరోజే అక్కడి సూపర్‌వైజరును అడిగిందట: "ఈడ ఎన్ని సెకన్లు? ఎవురు పెట్టినారు?"

ఇందుమతిని కంపెనీ మళ్లీ తీసుకోలేదు. గూడూరులో కాలేజీ పిల్లలకు పాఠాలు చెబుతోంది. పెంచలమ్మ రికార్డింగును తుడిచేస్తామని కంపెనీ తనంతట తానే ముందుకొచ్చింది. పెంచలమ్మ వద్దంది. "అది పోతే నొప్పి గూడా లేదంటారు. ఉండనీండి. చేతులు చెడగొట్టినారని గ్వెన్ వాళ్లు ఆడ వేసిన కేసు నడుస్తుండాది."

కొత్త వేగం మొదలైన రోజుకు పెంచలమ్మ చేతికి ఆపరేషను అయి వారమైంది. లైనులో నిలబడే పని ఇంక ఆమెకు లేదు. అయినా ఆడవాళ్లంతా చేతులెత్తి తమ తరఫున భద్రత చూసే మనిషిగా ఆమెను ఎన్నుకున్నారు కాబట్టి, చేతికి కట్టుతోనే వచ్చి లైను మొదట్లో నిలబడింది. ప్రతి మనిషి ముందూ కొత్తగా ఒక ఎర్ర బొత్తాం అమర్చారు. చెయ్యి నొస్తే ఎవరైనా నొక్కవచ్చు. నొక్కిన మనిషి సరే అనేదాకా బెల్టు కదపకూడదు. ఒప్పందంలో ఆ ఒక్క మాట కోసమే మూడు రోజులు కొట్లాట జరిగింది.

రెండో గంటలో లైను మధ్యలో రాజేశ్వరి అనే ఆమె బొత్తాం నొక్కింది. తొమ్మిదేళ్లుగా అక్కడే పనిచేస్తున్నా ఆమె గొంతు ఎలా ఉంటుందో చాలామందికి తెలియదు. బెల్టు ఆగింది. ఆ హాలులో అంత నిశ్శబ్దం ఎప్పుడూ ఎవరూ ఎరగరు. రాజేశ్వరి తప్పుచేసినదానిలా తల దించుకుంది.

సెల్వరాజ్ గబగబా వచ్చాడు. "ఏమ్మా, మొదటిరోజే? చిన్న పట్టే కదా" అంటూ బెల్టు స్విచ్చు వైపు చేయి చాపాడు.

పెంచలమ్మ వచ్చి అతనికీ స్విచ్చుకీ మధ్య నిలబడింది.

"జరుగు పెంచలమ్మా."

"రాజేశ్వరి చెప్పాల సార్."

"ఎంతసేపు?"

"ఎంతసేపైతే అంతసేపు."

అతను చేయి దించుకున్నాడు. రాజేశ్వరి మెల్లగా తలెత్తి, ముందు పెంచలమ్మను చూసింది, తర్వాత మేనేజరును చూసింది. కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే ముడిచి, చాపి, మణికట్టును అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఎడమచేతిని కూడా అలాగే చూసుకుంది. ఎక్కడా తొందరపడలేదు. లైను మొత్తం చేతులు దించుకుని ఆమె కోసం ఆగింది.